పొరల మీద కట్టిన ఊరు

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు అడవుల కింద భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాద్ దాకా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తుకొచ్చారు. గోదావరి ఒడ్డు బొగ్గు ఊళ్లకు అదురు కొత్త కాదు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా పక్క కాలనీల్లో కిటికీలు గలగలమంటాయి, గూట్లో గిన్నెలు కదులుతాయి. ఆ రోజు అదురు మాత్రం మనిషి పెట్టిన మందుతో వచ్చింది కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలాన్ని వణికించిన భూకంపమూ ఈ లోయలోనే పుట్టింది. రామగుండం కింద బొగ్గు నిలవడానికీ, ములుగు కింద నేల కదలడానికీ మూలం ఒకే పగులు. నాలుగు తరాలుగా బొగ్గు మీద బతుకుతున్న ఈ నేలలో బడి పిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లు కరువు.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి మీదుగా గోదావరిఖని వచ్చే దారిలో మొదట నల్లగా నున్నగా గ్రానైట్ గుట్టలు కనిపిస్తాయి. రామగుండం దగ్గర పడేసరికి రాయి మారిపోతుంది, ఇసుకరాయి మొదలవుతుంది. ఇదొక అంచు. నైరుతిన ధార్వార్ ప్రాచీన శిలాఫలకం, ఈశాన్యాన బస్తర్ ఫలకం. ఆ రెంటి అతుకు వెంట భూమి పగిలి, నడుమ భాగం కిందికి దిగబడింది. ప్రాణహిత–గోదావరి లోయ అంటే ఆ దిగబడ్డ నేలే. నది తర్వాత వచ్చింది, పల్లం దొరికింది కాబట్టి పారింది.

దాదాపు 30 కోట్ల ఏళ్ల కింద ఈ చోటు మంచు కింద ఉండేది. భారత భూభాగం అప్పుడు దక్షిణ ధ్రువానికి దగ్గర్లో గోండ్వానా మహాఖండంలో కలిసి ఉండేది. హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్రాళ్లు ఈ లోయ అడుగు పొరల్లో, తాల్చేర్ శిలల్లో నేటికీ దొరుకుతాయి. మంచు కరిగాక చిత్తడి అడవులు లేచాయి. వాటిలో ప్రధానమైనది నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు కోల్పోయిన స్కాట్ బృందం చివరిదాకా మోసుకొచ్చిన రాళ్లలోనూ ఈ ఆకు ముద్రలే ఉన్నాయి. అంటార్కిటికాలో పెరిగిన చెట్టూ మన బొగ్గయిన చెట్టూ ఒకే అడవివి.

అడవి ఉన్నంత మాత్రాన బొగ్గు పుట్టదు. రాలిన ఆకు, కూలిన మాను గాలి తగిలితే కుళ్లి మాయమవుతాయి. ఇక్కడ అడుగు నేల దిగుతూనే ఉండడంతో నీరు నిలిచింది, పైన ఇసుక పేరింది, ఆ ఇసుక మీద మళ్లీ అడవి మొలిచింది. అందుకే రామగుండం కింద ఒక్క పొర కాదు, 1, 2, 3ఏ, 3, 4 అని పేర్లు పెట్టుకున్న సీములు ఒకదాని కింద ఒకటి పరుచుకుని ఈశాన్యం వైపు వాలి ఉన్నాయి. మూడో సీమ్ కొన్నిచోట్ల పది మీటర్ల మందం. మూడంతస్తుల ఇంటి ఎత్తంత బొగ్గు.

సింగరేణి కంపెనీ చరిత్ర ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరు స్థిరపడింది. 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. రామగుండం వంతు 1960ల ప్రాంతంలో వచ్చింది. అంతకు ముందు పల్లెలూ చెలకలూ ఉన్న చోట ఇంక్లైన్ల నంబర్లే ఊళ్ల పేర్లయ్యాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది తవ్వకానికి ముందు జరిగే పని. అన్వేషణ విభాగం వాళ్లు అడవిలోనో చేనులోనో రిగ్గు నిలబెడతారు. వజ్రపు పలుకులు పొదిగిన బిట్టు గుండ్రంగా తిరుగుతూ రాయిని కోసుకుంటూ దిగుతుంది. మధ్యలో మిగిలిన రాతి కడ్డీని పైకి తీస్తారు, అదే కోర్. దాన్ని గళ్లున్న పొడవాటి పెట్టెలో వరసగా పేర్చి, ఏ లోతు నుంచి వచ్చిందో రాస్తారు. తెల్లటి గరుకు ఇసుకరాయి వేలికి సన్నగా గీసుకుంటుంది. తర్వాత బూడిదరంగు షేల్, అందులో ఎక్కడో ఒక ఆకు ఈనె. ఆపైన బొగ్గు. పక్కనున్న రాతి ముక్కతో పోలిస్తే చేతిలో తేలిగ్గా ఉంటుంది. దగ్గరగా చూస్తే ఒక చార అద్దంలా మెరుస్తుంది, దాని పక్క చార మసకగా ఉంటుంది. చెట్టులోని ఏ భాగం నుంచి వచ్చింది, బురద ఎంత కలిసింది అన్నదాన్ని బట్టి ఆ తేడా.

బొగ్గు పెళుసు. బిట్టు కింద కొంత పొడైపోతుంది. కాబట్టి కోర్ ఒక్కదాన్నే నమ్మరు. బోరులోకి ఒక పరికరాన్ని దించి, పొరల నుంచి వచ్చే సహజ గామా కిరణాలనూ, సాంద్రతనూ, విద్యుత్ నిరోధాన్నీ కొలుస్తారు. షేల్ దగ్గర పెరిగిన గామా బొగ్గు దగ్గర పడిపోతుంది, సాంద్రతా పడిపోతుంది, నిరోధం పెరుగుతుంది. పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ గీతలు చెబుతాయి. ఒక బోరులో సీమ్ 180 మీటర్ల దగ్గర, పక్క బోరులో 260 దగ్గర తగిలిందనుకుందాం. అది పొర వాలా, నేల విరిగి జారిన ఫాల్టా? ఈ ఒక్క ప్రశ్నకు తప్పు జవాబు రాస్తే, రేపు గనిలో బొగ్గు ఉండాల్సిన చోట బండరాయి ఎదురవుతుంది.

కాగితం మీది ఆ గీత కింద మనుషులు పనిచేస్తారు. 400 మీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు వెయ్యి టన్నుల రాతి బరువు ఉంటుంది. తట్టా చెమ్మస్‌తో చేతుల మీదుగా బొగ్గు తీసిన రోజుల నుంచీ గని సర్దారు చేసే మొదటి పని కర్రతో రూఫ్‌ను తట్టి వినడం. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. ఇప్పుడు రూఫ్ బోల్టులు, ఒత్తిడి కొలిచే యంత్రాలు వచ్చాయి. మందపు సీముల కోసం 1989లో జీడీకే–10 ఇంక్లైన్‌లో ఫ్రెంచి సహకారంతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి తెచ్చారు. అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం 250 మీటర్ల వెడల్పు గోడను ఒకే ఊపులో కోస్తుంది. అయినా భూమి మాట వినని రోజులు ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏలో రూఫ్ కూలి పది మంది, 2022 మార్చిలో అడ్రియాలలో ముగ్గురు. గని భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందు పెట్టుకోవాలి. రాతిని ఎంత బాగా చదివితే బాయిలోకి దిగినవాడు అంత క్షేమంగా ఇంటికొస్తాడు.

బొగ్గు తీసిన ఖాళీలదీ పెద్ద కథే. గోఫ్ అనే ఆ ఖాళీల్లో మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. అందుకే గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా కిందికి పంపి ఆ ఖాళీలు నింపుతూ వచ్చారు. ఊరి పునాదుల కింద నది ఇసుక ఉందన్నమాట.

లోయ దిగువన, మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడి నీళ్లు ఉబికి వచ్చాయి. అక్కడ అగ్నిపర్వతం ఏమీ లేదు. పగుళ్ల వెంట లోతుకు దిగిన నీరు భూమి వేడికి కాగి, దారి దొరికిన చోట పైకి వస్తోంది. ఆ వేడితో తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరయ్యే ద్రవాన్ని మరిగించి కరెంటు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్‌ను సింగరేణి పెట్టించింది. రామగుండం ఎన్టీపీసీలోని 2,600 మెగావాట్ల ముందు అది ఎంత? లెక్కకు రాదు. కానీ బొగ్గు కోసం భూమిని చదివినవాళ్లకు బొగ్గు కానిదీ దొరుకుతుందని అది చూపించింది. 2025లో కర్ణాటకలోని దేవదుర్గ్‌లో బంగారం, రాగి అన్వేషణకు ఇదే కంపెనీ లైసెన్సు దక్కించుకుంది.

ఉత్పత్తి ఏడాదికి 7 కోట్ల టన్నుల దాకా చేరింది. ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే. 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు 40 వేల చేరువకు తగ్గారు. బాయిలు మూతపడుతుంటే రూఫ్ చప్పుడు గుర్తుపట్టే చెవులూ రిటైరవుతున్నాయి. ఆ విద్యే కాదు, ఈ నేలలో దొరికినవీ ఇక్కడ ఉండడం లేదు. ఈ లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ డైనోసార్‌ను చూడాలంటే మన పిల్లలు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లాలి.

1978లో మొదలైన కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూ విజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. దానికి చేయాల్సిన పని గోదావరిఖనిలో సిద్ధంగా ఉంది. దశాబ్దాల బోర్ల కోర్‌లను చెదలూ వానా తగలని ఒక్క చోటికి చేర్చాలి. మూసిన గనుల పటాలనూ, వాటిలో నిండిన నీటి లెక్కనూ జనానికి అందుబాటులో ఉంచాలి. రామగుండం హైస్కూళ్లలో కనీసం ఒకదానిలో భూకంపాలను నమోదు చేసే యంత్రం పెట్టాలి. మొదటి బ్యాచ్ విద్యార్థులను మూడో సీమ్ కోర్ పెట్టె ముందు కూర్చోబెట్టి, పాఠం చెప్పడానికి ప్రొఫెసర్ పక్కనే ఒక రిటైర్డ్ సర్దారుకూ కుర్చీ వేయాలి, ప్రొఫెసర్‌కిచ్చే గౌరవ వేతనమే ఇచ్చి.