'ఆపరేషన్' ఎవరి నిర్ణయం? నల్లజాతి స్త్రీవాదం, మన బస్తీలు

సికింద్రాబాద్ బస్తీల్లో 'ఆపరేషన్ అయిందా?' అని ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని అడిగితే ఏ ఆపరేషన్ అని తిరిగి అడగాల్సిన పని లేదు. పిల్లలు పుట్టకుండా చేసేదే. మగవాణ్ణి ఈ మాట అడిగేవాళ్ళు లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 70 దాకా, తెలంగాణలో 62 దాకా ఉన్నారు. మగవాళ్ళ ఆపరేషన్ రెండుచోట్లా 2 శాతం దాటలేదు. ఎమర్జెన్సీలో (1975-77) మగవాళ్ళని పట్టుకుపోయి వేసెక్టమీలు చేశారు. జనం ఓట్లతో బుద్ధి చెప్పారు. ఆ తర్వాత సర్కారు కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

దీన్ని అర్థం చేసుకోడానికి అమెరికా దాకా ఎందుకు పోవాలని కొందరు మిత్రులు అడుగుతుంటారు. అక్కడి నల్లజాతి స్త్రీలు ఇదే గాయం నుంచి ఒక సిద్ధాంతాన్ని తయారుచేశారు కాబట్టి. 1961లో మిసిసిపీ పత్తి చేలలో పనిచేసే ఫానీ లూ హేమర్ కణితి తీయించుకుందామని ఆసుపత్రికి పోతే, డాక్టరు ఆమెని అడక్కుండానే గర్భసంచి తీసేశాడు. 1973లో అలబామాలో రెల్ఫ్ కుటుంబంలోని 14, 12 ఏళ్ళ అక్కచెల్లెళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. చదువురాని తల్లి ఇంజెక్షన్ల కోసమనుకుని కాగితం మీద గీత పెట్టింది. అదే 1973లో తెల్లజాతి స్త్రీలు అబార్షన్ హక్కు గెలిచి సంబరపడుతున్నారు. వాళ్ళు అడిగింది 'వద్దనుకునే హక్కు'. నల్లజాతి స్త్రీలకి అది కావాలి. దానితోపాటు కనే హక్కు కూడా కావాలి.

ఈ తేడాని కింబర్లీ క్రెన్షా 1989లో ఒక సిద్ధాంతంగా చెప్పింది. జనరల్ మోటార్స్ మీద నల్లజాతి స్త్రీలు వేసిన కేసుని 1976లో కోర్టు కొట్టేసింది. కంపెనీలో స్త్రీలు ఉన్నారు, అంటే తెల్లవాళ్ళు. నల్లవాళ్ళూ ఉన్నారు, అంటే మగవాళ్ళు. ఇంక వివక్ష ఎక్కడుందని అడిగింది! మన ప్యాట్నీ చౌరస్తా మధ్యలో నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. బండి ఒకవైపు నుంచే రాదు. రెండు వైపుల నుంచీ గుద్దితే, ఏ ఒక్క దారి లెక్క చూసినా ఆ దెబ్బ పూర్తిగా అర్థం కాదు. జాతి, స్త్రీత్వం, పేదరికం కలిసే ఆ చౌరస్తా నుంచి చూడడమే ఆమె చెప్పిన దృష్టి. 1994లో షికాగోలో కలిసిన నల్లజాతి స్త్రీలు దీన్ని 'పునరుత్పత్తి న్యాయం' అన్నారు. పిల్లల్ని వద్దనుకునే హక్కు, కనే హక్కు, కన్న పిల్లల్ని భయం లేకుండా పెంచుకునే హక్కు. మూడూ కలిస్తేనే న్యాయం.

ఇప్పుడు మన నేల చూద్దాం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని పేద స్త్రీల మీద పరీక్షిస్తున్నారని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. ఇది ప్రయోగమని వాళ్ళకి సరిగా చెప్పలేదు. 1986లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా పరీక్షలో భాగంగా వేశారు. చాలామంది ఆదివాసీ హాస్టల్ పిల్లలు. చనిపోయిన పిల్లలు టీకా వల్ల చనిపోలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టినవని తేలింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. తల్లిదండ్రుల్ని అడగాల్సిన చోట వార్డెన్ సంతకం సరిపోయిందేమిటన్నది మా ప్రశ్న. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానాలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

చట్టం సంగతి కూడా ఇంతే. 1994 పంచాయతీరాజ్ చట్టం దళితులకీ స్త్రీలకీ సీట్లు రిజర్వు చేసింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనీ అదే చట్టం అంది. ఎంతమందిని కనాలో తన చేతిలో లేని దళిత స్త్రీకి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు అయింది. ఆంధ్రప్రదేశ్ 2024లో ఈ నిబంధన ఎత్తేసింది. మంచిదే. అయితే జనాభా ముసలిదవుతోందని, ఎక్కువమందిని కనమని ఇప్పుడు పెద్దలు చెబుతున్నారు. నిన్న వద్దన్నా ఇవాళ కనమన్నా లెక్క సర్కారుదే, కడుపు మాత్రం ఆమెది.

ఆపరేషన్ చెడ్డదని మేము అనడం లేదు. మనోళ్ళే పోయి అడిగి చేయించుకుంటున్నారు. కానీ కూలి వదులుకుని నెలనెలా దవాఖానాకి పోలేని మనిషికి, మొగుడు ఏ జాగ్రత్తా తీసుకోని మనిషికి, మిగిలింది ఒకటే దారి అయినప్పుడు దాన్ని ఆమె ఇష్టం అనొచ్చా? అదే సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో నూటికి ముగ్గురుంటే ఆంధ్ర, తెలంగాణల్లో ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. చదువు తక్కువైనవాళ్ళలో, పల్లెటూళ్ళలో ఇది ఎక్కువ.

జాతీ కులమూ ఒకటి కావు. అంటరానితనానికి మన చరిత్ర మనదే. అయినా ఆ చౌరస్తా నుంచి చూడడం మనం నేర్చుకోవచ్చు. స్త్రీల సభలో కులం మాట, దళిత సభలో గర్భసంచి మాట రానంతవరకు ఆమె రెండుచోట్లా బయటే నిలబడుతుంది. కార్యకర్తలు బస్తీకి పోయినప్పుడు 'ఆపరేషన్ అయిందా?' అని ఊరుకోవద్దు. ఇంకే పద్ధతులు చెప్పారు, కాగితం చదివి వినిపించారా, తర్వాత ఎన్నిరోజుల కూలి పోయింది, ఎవరు చూసుకున్నారు, ఇవన్నీ అడగాలి. ఆమె చెప్పే జవాబుల నుంచే మన సిద్ధాంతం రావాలి.