విడాకుల కాగితము ఎక్కడ నుండును?

విడాకుల మంచిచెడ్డలను చర్చించుట నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము కాదు. ఆ చర్చ చేయువారు మనలో కావలసినంతమంది కలరు. విడాకులు జరిగిన తరువాత సాక్ష్యముగా మిగులు కాగితము ఎక్కడ నుండును, దానిని ఎవరు ఏ విధమున అడిగి తెచ్చుకొనవలెను అను సంగతిని మాత్రమే శ్రోతలకు విన్నవింపదలచితిని. ఇది చిన్న సంగతివలె కనబడును. కాని మరల పెండ్లి చేసికొనదలచిన వారికిని, తండ్రి పింఛనుపై ఆధారపడదలచిన కుమార్తెకును, ఆస్తి పంపకమున నిలిచిన బిడ్డలకును ఆ కాగితము లేనిదే అడుగు ముందుకు సాగదు.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. జననమరణములకు పంచాయతీలోను పురపాలక సంఘములోను రిజిస్టరు కలదు. పెండ్లిని నమోదు చేయుటకు అధికారి కలడు. కావున విడాకులకు కూడ ఎక్కడనో ఒక చిట్టా యుండునని పలువురు తలంతురు. పెండ్లి నమోదైన కార్యాలయమునకే పోయి, నెలలతరబడి తిరిగి, తుదకు ప్లీడరు గది మెట్లెక్కినవారిని నేను నా వృత్తిలో అనేకులను చూచితిని. మన దేశమంతటికిని వర్తించునట్లు విడాకులకై ప్రత్యేకమైన రిజిస్టరు లేదు. వివాహమును రద్దుచేసిన న్యాయస్థానపు డిక్రీయే దానికి దస్తావేజు. ఆ న్యాయస్థానపు రికార్డుగదియే దాని నివాసము. అమెరికాలో కొన్ని రాష్ట్రములు జననమరణములకు వలెనే విడాకులకు కూడ సర్టిఫికెట్టు ఇచ్చుచున్నవి. అందుచేత అచ్చటి కార్యాలయములు మనవారిని కూడ “విడాకుల సర్టిఫికెట్టు” పంపుమని కోరును. ఆ పేరుగల కాగితమును ఇచ్చట వెదకి ప్రయోజనము లేదు. డిక్రీ యొక్క ధ్రువీకృత నకలే మనకు దానికి బదులు.

అయితే ఏ న్యాయస్థానము? ఇచ్చటనే చిక్కంతయు నున్నది. దీనికి సమాధానము పెండ్లి ఏ చట్టము క్రిందిది, విడాకులు ఏ కాలమునాటివి అను రెంటిపై ఆధారపడును. హిందువులకు మదరాసు రాజధానిలో 1949 నాటి చట్టమును, పిమ్మట దేశమంతటికిని 1955 నాటి హిందూ వివాహ చట్టమును విడాకుల మార్గమును ఏర్పరచినవి. ఉభయుల సమ్మతిపై విడాకులు 1976లో వచ్చినవి. మన ప్రాంతమున ఈ అర్జీలు చాలకాలము సబుకోర్టులలో, అనగా నేటి సీనియరు సివిలు జడ్జీల కోర్టులలో, నడచినవి. ఇప్పటికిని కుటుంబ న్యాయస్థానము లేనిచోట అట్లే నడచుచున్నవి. 1984 నాటి చట్టము ననుసరించి కుటుంబ న్యాయస్థానము ఏర్పడినచోట, అంతకుముందు పెండింగులో నున్న కేసులు కూడ అచ్చటికే పోయినవి. కావున అర్జీ దాఖలైన కోర్టు ఒకటియు, తీర్పు చెప్పిన కోర్టు మరియొకటియు కావచ్చును. నంబరు కూడ మారియుండును. నకలు అడుగవలసినది తీర్పు చెప్పిన కోర్టులోనని మరువరాదు.

క్రైస్తవుల సంగతి వేరు. 1869 నాటి చట్టము క్రింద జిల్లా న్యాయస్థానము వివాహమును రద్దుచేసినను, హైకోర్టు దానిని ధ్రువపరచిన గాని అది పూర్తియయ్యెడిది కాదు. 2001లో ఈ నియమమును తీసివేసిరి. అంతకు పూర్వపు కేసైనచో హైకోర్టు ఉత్తరువును కూడ సంపాదింపవలెను. కోస్తా, రాయలసీమ జిల్లాలకు హైకోర్టు 1954 వరకు మదరాసులోను, తరువాత గుంటూరులోను, 1956 నుండి హైదరాబాదులోను ఉండెను. 2019 జనవరి 1వ తేదీన ఆంధ్రప్రదేశమునకు అమరావతిలో వేరు హైకోర్టు ఏర్పడినది. పాత కాగితము వెదకువాడు ఈ చరిత్రను కొంత ఎరిగియుండక తప్పదు. ఇట్లే జిల్లాలును మారినవి. తెలంగాణములో 2016లోను, ఆంధ్రప్రదేశములో 2022లోను జిల్లాలను విడదీసిరి. నేడు మన ఊరు ఏ జిల్లాలో నున్నదని కాక, తీర్పునాడు ఏ కోర్టు పరిధిలో నుండెనని విచారింపవలెను.

ఇక ఈ విషయమున అత్యంత క్లిష్టమైన స్థితిలో నున్నవారు ఎవరనిన, తమకు విడాకులు జరిగినవో లేదో తామే ఎరుగని స్త్రీలు. భర్త వేరొక ఊరికి పోవును. కొన్నేండ్లకు “నీకును నాకును సంబంధము లేదు, కోర్టువారు విడాకులిచ్చిరి” అని కబురు వచ్చును. ఇంటిలోని పెద్దలు నిట్టూర్చి ఊరకుందురు. ఆ మాట నిజమా? నిజమైనచో ఏ తేదీన, ఏ కారణముచే? ఆమెకు సమను నిజముగా అందినదా, లేక అందినట్లు వ్రాసికొని ఏకపక్షముగా డిక్రీ పొందిరా? వీనికి సమాధానము నోటిమాటలో దొరకదు. రికార్డులోనే దొరకును.

అట్టి సోదరి ఎక్కడ వెదకవలెనో చట్టమే దారి చూపుచున్నది. హిందూ వివాహ చట్టము ప్రకారము భర్త అర్జీ పెట్టదగిన చోటులు సామాన్యముగా మూడు: పెండ్లి జరిగిన ఊరు, అర్జీనాటికి భార్య నివసించు ఊరు, దంపతులు కడపట కలసి కాపురమున్న ఊరు. భార్య విదేశమున నున్నప్పుడును, ఏడేండ్లుగా ఆమె జాడయే తెలియనప్పుడును తప్ప, భర్త ఒంటరిగా నివసించు ఊరు ఈ పట్టికలో లేదు. భార్య తానుగా అర్జీ పెట్టునపుడు మాత్రము తన నివాసమున పెట్టుకొను సౌకర్యము 2003 నుండి కలదు. కనుక మూడు ఊళ్ళ కోర్టులను విచారించినచో వెదకుట చాలవరకు ముగియును. హైకోర్టుగాని సుప్రీముకోర్టుగాని కేసును వేరొక చోటికి మార్చినను, మొదట దాఖలైన కోర్టు రిజిస్టరులో ఆ జాడ యుండును.

వెదకుటకు ఇప్పుడు ఈ-కోర్టుల వెబ్‌సైటు కూడ ఉపకరించును. కక్షిదారు పేరు, సంవత్సరము తెలిసిన చాలును. ప్రతి కేసునకును పదునారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. సంఖ్య యొకటి యుండును. అది చేతికి చిక్కినచో తక్కిన పని సులభము. కాని ఆ యంత్రము చూపలేదు కనుక కేసే లేదని నిశ్చయింపరాదు. కంప్యూటరు రాకపూర్వపు కేసులు అన్నియు అందు చేరలేదు. పేర్ల తిప్పలు వేరు. లక్ష్మి అను పేరునే ఇంగ్లీషు అక్షరములలో ఒక గుమాస్తా ఒక విధముగను, మరియొకరు ఎక్స్ అక్షరము చేర్చి వేరొక విధముగను వ్రాయుదురు. ఇంటిపేరు ఒకచోట ముందుండును, ఒకచోట వెనుక నుండును. నాలుగైదు విధముల వ్రాసి చూడవలెను. అప్పటికిని దొరకనిచో కోర్టునకే పోయి, ఆ సంవత్సరపు రిజిస్టరును వెదకుటకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

కేసు నంబరు దొరకిన పిమ్మట నకళ్ళ శాఖలో కాపీ దరఖాస్తు దాఖలు చేయవలెను. అందు కోర్టు పేరు, కేసు నంబరు, సంవత్సరము, ఉభయుల పేర్లు, తీర్పు తేదీ, కావలసిన కాగితముల వివరము ఉండవలెను. ఈ కడపటి దానిని మనవారు నిర్లక్ష్యము చేయుదురు. “విడాకుల కాగితము” అని వ్రాసిన చాలదు. తీర్పు వేరు, డిక్రీ వేరు. తీర్పులో కారణములుండును. డిక్రీలో ఫలితము మాత్రముండును. రెంటిని అడుగుట మేలు. ఏకపక్షపు డిక్రీ యని అనుమానమున్నచో అర్జీ నకలును, సమను తిరిగివచ్చిన కాగితపు నకలును, వాయిదాలు వ్రాసిన డాకెట్టు నకలును కూడ అడుగవలెను. సమను ఎవరికి ఇచ్చిరో, ఏ గోడకు అంటించిరో వానిలోనే బయటపడును. అట్టి డిక్రీని త్రోసిపుచ్చుమని కోరుటకు గడువు ముప్పది దినములే. అయితే సమను సరిగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిన దినమునుండి ఆ గడువును లెక్కింతురు. కనుక కబురు విన్న తరువాత ఊరకుండి కాలము గడపుట ప్రమాదము. ఖర్చునకు జంకవలసిన పనియు లేదు. 1987 నాటి చట్టము ననుసరించి, ఆదాయముతో నిమిత్తము లేక ప్రతి స్త్రీయు ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకుగాని మండల కమిటీకిగాని ఒక కాగితము వ్రాసిన చాలును.

దరఖాస్తు ఇచ్చి ఇంటికి పోయి కూర్చుండిన నకలు రాదు. ఎంత రుసుము చెల్లింపవలెనో లెక్కగట్టి శాఖవారు ప్రకటింతురు. ఆ ప్రకటనను చూచుకొని గడువులోపల చెల్లింపనిచో దరఖాస్తు కొట్టివేయుదురు. దీనిని ఎరుగక మూడుసార్లు దరఖాస్తు పెట్టినవారు కలరు. సిద్ధమైన నకలు వెనుక దరఖాస్తు తేదీ, రుసుము అడిగిన తేదీ, చెల్లించిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ వరుసగా వ్రాసియుండును. ఇది గుమాస్తాల అలంకారము కాదు. అప్పీలు గడువును లెక్కించునపుడు నకలు కొరకు పట్టిన కాలమును మినహాయింతురు గనుక, ఆ తేదీలకు విలువ కలదు.

ఇంతకును, ఈ శ్రమ చాలమందికి అవసరమే లేకపోవలసినది. విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఉభయులకును చెరియొక నకలును ఉచితముగా ఇయ్యవలెనని హిందూ వివాహ చట్టమున 1976 నుండి నియమము కలదు. ఆ నకలును అడిగి పుచ్చుకొనువారు తక్కువ. పుచ్చుకొన్నను అది ప్లీడరుగారి కట్టలో నుండిపోవును. కావున కోర్టునకు పోవుటకు ముందు ఆ కట్టను విప్పించి చూచుట తెలివి.

పింఛను కోరువారికి ఒక ముఖ్యవిషయము. కేంద్ర ప్రభుత్వపు నిబంధనలలో, తలిదండ్రులు పోయిన తరువాత డిక్రీ వచ్చినను, వారిలో ఒకరైనను జీవించియుండగా అర్జీ దాఖలైనచో ఆ కుమార్తె ఇతర షరతులకు లోబడి కుటుంబ పింఛనునకు అర్హురాలు కావచ్చునని 2017లో స్పష్టపరచిరి. అట్టివారికి డిక్రీ తేదీ చాలదు. అర్జీ దాఖలైన తేదీ గల నకలు కూడ కావలెను. చాల పాత కేసులలో ఇట్టి కాగితములు మిగులకపోవచ్చును. గడువు దాటిన రికార్డులను నాశనము చేయుటకు 1917 నుండియు చట్టము కలదు.

పరాయివారు అడిగిన ఇత్తురా? ఈ కేసులు మూసిన తలుపుల వెనుక జరుగును, వాని సంగతులను అచ్చువేయుటయు నేరము. కావున కక్షిదారు కానివాడు తన అవసరమును ప్రమాణపత్రముతో తెలిపి కోర్టు అనుమతి పొందవలెను. తలిదండ్రుల డిక్రీ కావలసిన బిడ్డలకు అట్టి కారణము చూపుట కష్టము కాదు. పొరుగువాని కుతూహలమునకు మాత్రము అచ్చట చోటు లేదు, ఉండరాదు కూడ. సమాచారహక్కు చట్టము క్రింద అడుగుదమనువారు కలరు. కోర్టు నిబంధనల మార్గముండగా నకళ్ళకు ఆ మార్గము పనికిరాదని సుప్రీముకోర్టు 2020లో తీర్పు చెప్పినది.

కులాచారము ననుసరించి పెద్దల యెదుట విడిపోయినవారికి డిక్రీ యుండదు. 1955 నాటి చట్టము అట్టి ఆచారమును రద్దుచేయలేదు. కాని ఆ ఆచారము నిజముగా కలదని రుజువు చేయు భారము చెప్పువారిపైననే యుండును. తెల్లకాగితముపై వ్రాసికొన్న విడుదల పత్రము ఒక్కటియే దానికి చాలదు. ఆచారబలము లేని కుటుంబములలో అట్టి పత్రమునకు విలువయే లేదు. దీనిని నమ్మి రెండవ పెండ్లికి సిద్ధపడువారు, వ్యక్తిగత హోదాను ప్రకటించు డిక్రీని కోర్టులో పొందుట క్షేమము.

సముద్రముల కావల పొందిన డిక్రీ సంగతి చెప్పి విరమింతును. 1975లో తిరుపతిలో పెండ్లి చేసికొన్న ఒక తెలుగు దంపతులలో భర్త, 1980లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు పొంది, మరుసటి సంవత్సరము యాదగిరిగుట్టలో మరల పెండ్లియాడెను. మొదటి భార్య న్యాయస్థానమును ఆశ్రయించెను. హిందూ వివాహ చట్టము ఒప్పని కారణముపై, ఆమె లోబడని కోర్టు ఇచ్చిన ఆ డిక్రీ మనదేశమున చెల్లదని 1991లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. ఆ తీర్పులో ప్రసంగవశమున మరియొక మాట కూడ కలదు. ఆ డిక్రీ నకలుపై అచ్చటి కోర్టు గుమాస్తా ధ్రువీకరణ యుండెను గాని, అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేకుండెను. ఇచ్చటి డిక్రీని అచ్చటికి పంపువారికి కూడ ఇట్టి చిక్కే యుండెడిది. విదేశీ పత్రముల అపోస్టిలు ఒడంబడికలో మనదేశము 2005లో చేరినది. నాటినుండి, అందులోని దేశములకు పంపవలసిన ధ్రువీకృత నకలుపై, రాష్ట్రమున జరుగవలసిన ధ్రువీకరణ జరిగిన తరువాత, విదేశాంగశాఖవారి అపోస్టిలు ముద్ర వేయించుకొనవచ్చును. ఆ ముద్ర కోర్టు వారిచ్చిన అసలు ధ్రువీకృత నకలుపై పడవలెను గనుక, విదేశమునకు పోవువారు నకళ్ళ శాఖలో ఒకటికి బదులు రెండు నకళ్ళు అడుగుట మంచిది.