కౌన్సెలింగ్ అంటే సలహాలివ్వడం కాదు.. సైకాలజీ స్టూడెంట్స్ ముందు నేర్చుకోవాల్సింది ఇదే!

ఇంటర్‌లో ఒక సబ్జెక్ట్ పోయిన కుర్రాడు మీ ముందు కూర్చున్నాడు. తలెత్తడం లేదు. మీరేమంటారు? "ఏం కాదులే తమ్ముడూ, సప్లీ రాస్తే అయిపోతుంది" అంటాం చాలామందిమి. మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ మాటతో అతను చెప్పాలనుకున్నది లోపలే ఆగిపోవచ్చు. సైకాలజీ స్టూడెంట్ కౌన్సెలింగ్ నేర్చుకునేటప్పుడు మొదట మానుకోవాల్సిన అలవాటు ఇదే.

రామంతాపూర్, ఉప్పల్, నాచారం ఏరియాలకు ఉస్మానియా యూనివర్సిటీ దగ్గరే. చుట్టూ స్కూళ్లు, జూనియర్ కాలేజీలూ ఉన్నాయి. ఇక్కడ సైకాలజీ చదివేవాళ్లకు ఈ స్కిల్ ఇప్పుడెందుకంత ముఖ్యమో చూద్దాం.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

విశాఖపట్నంలో నీట్‌కు ప్రిపేర్ అవుతూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒక్కరైనా ఉండాలంది. అంటే కౌన్సెలర్ కుర్చీలు పెరగాలి. మరి ఆ కుర్చీలో కూర్చునే మనిషికి వినడం వచ్చా? అసలు ప్రశ్న ఇదే.

నేర్చుకోవాల్సిన నాలుగు పనులు

1. విడమరిచి చెప్పించే ప్రశ్న: "బాధగా ఉందా?" అంటే అవును, కాదు అనే జవాబే వస్తుంది. "రిజల్ట్ చూసినప్పుడు ఏమనిపించింది?" అంటే మాట మొదలవుతుంది. "ఎందుకిలా చేశావ్?" అని అడిగితే నిలదీసినట్టు ఉంటుంది.

2. విన్నది తిరిగి చెప్పడం: "నాన్నకు ఎలా చెప్పాలా అన్నదే మీకు ఎక్కువ భయంగా ఉంది, అంతేనా?" అనాలి. మనం తప్పుగా అర్థం చేసుకుంటే అవతలివాళ్లే సరిదిద్దుతారు.

3. మౌనం: కాసేపు ఎవరూ మాట్లాడకపోతే కంగారుపడి ఏదో ఒకటి అనేయకూడదు. చాలాసార్లు అసలు విషయం ఆ మౌనం తర్వాతే బయటికొస్తుంది.

4. చివర్లో ముడివేయడం: అప్పటిదాకా చెప్పింది రెండు మూడు మాటల్లో కలిపి చెప్పి, "ఇంకేమైనా మిగిలిందా?" అని అడగాలి.

పుస్తకంలో ఇంగ్లీష్.. ఎదురుగా తెలుగు

సిలబస్‌లో 'డిప్రెషన్', 'యాంగ్జైటీ' అని చదువుతాం. కానీ వచ్చినవాళ్లు "మనసు మంచిగ లేదు", "పరేషాన్‌గా ఉంది", "గుండె దడదడ" అంటారు. వెంటనే దానికి పేరు పెట్టేయకండి. "మనసు మంచిగ లేదంటే ఎట్లుంటది? కొంచెం చెప్తారా?" అని వాళ్ల మాటతోనే అడగండి.

ప్రాక్టీస్ ఎలా?

ముగ్గురు కలిసి కూర్చోండి. ఒకరు చిన్న సమస్య చెప్పాలి, ఒకరు వినాలి, మూడో వ్యక్తి గమనించి రాసుకోవాలి. పది నిమిషాలకోసారి పాత్రలు మార్చుకోండి. అనుమతి తీసుకుని రికార్డ్ చేసి, మాట మాటా రాసి చూడండి. సలహా ఎన్నిసార్లు ఇచ్చారో, ఎక్కడ అడ్డొచ్చారో మీకే తెలుస్తుంది. అమెరికా సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1940ల్లోనే కౌన్సెలింగ్ సెషన్లను రికార్డ్ చేసి, శిక్షణకు వాడారు.

యూట్యూబ్ చూసి ఇది రాదు. తప్పు ఎక్కడ జరిగిందో చూపించే సూపర్‌వైజర్ కావాలి. సైకాలజీ కోర్సుల్ని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపొద్దని 2025లో యూజీసీ కూడా చెప్పింది.

ఈ హద్దు దాటొద్దు

విన్న విషయం ఫ్రెండ్స్‌తో, వాట్సాప్‌లో పంచుకోకూడదు. కానీ ప్రాణానికి ముప్పు ఉంటే దాచకూడదు. ఈ సంగతి మొదటి రోజే చెప్పేయాలి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామనేది అపోహ మాత్రమే. అడగడమే మేలు. జవాబు 'అవును' అయితే స్టూడెంట్ ఒంటరిగా మోయకూడదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా సూపర్‌వైజర్‌కు, డాక్టర్‌కు వెంటనే చెప్పాలి.

మీకో, మీవాళ్లకో ఇలాంటి ఇబ్బంది ఉంటే టెలీ మానస్ నంబర్ 14416కు కాల్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.