నిఠారీ పిల్లలను చంపిందెవరు?

మొన్న నవంబర్‌లో బీడీలు అప్పజెప్పడానికి బ్రాంచికి పోయిన రోజు, లైన్లో అందరి నోటా ఒకటే మాట. "వాన్ని విడిచిపెట్టిండ్రట!" ఎవరినని అడగాల్సిన పని లేకపోయింది. 2007 సంక్రాంతి రోజుల్లో మన షోలాపూర్‌లో ఏ ఇంట్లో టీవీ పెట్టినా ఆ మురికికాలువే కనపడేది. అప్పుడు మా పెద్దోడికి ఆరేండ్లు. నెల రోజులు మా అత్తమ్మ వాన్ని గడప దాటనియ్యలేదు.

"పైసలున్నోళ్లకే కోర్టులు" అంది నా ముందు నిలబడ్డ అక్క.

"వానికెక్కడియి పైసలు? వాడు పనోడు గదా" అంది వెనకున్నామె.

"మరి గంతమంది పిల్లల్ని ఎవరు చంపినట్టు?"

ఎవరం మాట్లాడలేదు. ఇంతలో చాట నిండా కట్టలు పట్టుకొని నా వంతు వచ్చింది.

ఆ అక్క అడిగిన మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. మా మరిది వకీలు దగ్గర గుమాస్తా. రెండు ఆదివారాలు అతన్ని కూర్చోబెట్టి ఆ తీర్పుల్లో ఏముందో చెప్పించుకున్నాను. అది మీకూ చెప్పాలనే ఈ రాత. పిల్లలకు ఏం జరిగిందో ఇక్కడ వర్ణించను. దాన్ని అప్పుడే టీవీలు కావలసినదానికన్నా ఎక్కువ చూపించాయి.

నిఠారీ అంటే ఢిల్లీ పక్కన నోయిడాలో సెక్టార్ 31ని ఆనుకుని ఉన్న ఊరు. ఒకవైపు బంగళాలు, ఒకవైపు ఇరుకు గల్లీలు. గల్లీల్లో ఉండేది బెంగాల్ నుంచి, బీహార్ నుంచి, యూపీ పల్లెల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. రిక్షా తొక్కేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు, బంగళాల్లో అంట్లు తోమేవాళ్లు. మన తాతలు మగ్గం వదిలి రైలెక్కి ఇక్కడి మిల్లులకు వచ్చినట్టే వచ్చినవాళ్లు. తల్లిదండ్రులు ఇద్దరూ పనికి పోతే పిల్లలు గల్లీలో పెరుగుతారు. అది మనకు కొత్త సంగతి కాదు.

2005 నుంచి అక్కడ పిల్లలు ఒక్కొక్కరే కనపడకుండా పోయారు. ఎక్కువమంది ఆడపిల్లలు. తల్లిదండ్రులు పోలీసుల దగ్గరికి పోతే ఫిర్యాదు రాసుకోలేదు. ఆడపిల్లయితే ఎవడితోనో లేచిపోయిందన్నారు, చిన్నపిల్లాడైతే వాడే వస్తాడు పొమ్మన్నారు. ఒక యువతి తండ్రి మాత్రం వదలలేదు. కోర్టుకు ఎక్కి, కోర్టు చెప్పిన తరువాతే 2006 అక్టోబర్‌లో కేసు రాయించగలిగాడు. ఆ అమ్మాయి సెల్‌ఫోన్ జాడ పట్టుకునే పోలీసులు డీ-5 అనే బంగళాదాకా వచ్చారు.

2006 డిసెంబర్ 29న ఆ బంగళా వెనక కాలువలో, ఖాళీ జాగాలో ఎముకలు, పుర్రెలు, పిల్లల బట్టలు, చెప్పులు బయటపడ్డాయి. చెప్పులు చూసి తల్లులు పిల్లల్ని గుర్తుపట్టారు. ఇంటి యజమాని వ్యాపారి. పనివాడు ఉత్తరాఖండ్ కొండల నుంచి వచ్చిన బీద మనిషి. ఇద్దరినీ పట్టుకున్నారు. జనవరిలో కేసు సీబీఐ చేతికి పోయింది. పిల్లలు పోయినప్పుడు కదలనందుకు కొందరు పోలీసులు సస్పెండయ్యారు, కొందరి ఉద్యోగాలే పోయాయి.

దేశమంతా అప్పుడే తీర్పు చెప్పేసింది. నేనూ చెప్పాను, దాచడమెందుకు? "వీళ్లను ఆ కాల్వ కాన్నే ఉరి దియ్యాలె" అని మా గల్లీలో గట్టిగా అన్నవాళ్లలో నేనొకతెను.

కోర్టు సంగతులు పొడుగు, కొంచెం ఓపిక పట్టండి. మొత్తం 16 కేసులు. 2009 ఫిబ్రవరిలో గాజియాబాద్ సీబీఐ కోర్టు మొదటి కేసులో ఇద్దరికీ ఉరి వేసింది. అది 14 ఏండ్ల ఒక అమ్మాయి కేసు. అదే ఏడు సెప్టెంబర్‌లో అలహాబాద్ హైకోర్టు యజమానిని ఆ కేసులో విడిచిపెట్టి పనివాడి ఉరిని ఉంచింది. 2011లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. రాష్ట్రపతి క్షమాభిక్ష తోసిపుచ్చారు. 2014 సెప్టెంబర్‌లో మీరట్ జైల్లో ఉరికి తారీఖు కూడా పడింది. అర్ధరాత్రి దాటాక సుప్రీంకోర్టు జడ్జీలు ఆపారు. 2015 జనవరిలో, క్షమాభిక్ష అర్జీ మీద మరీ ఆలస్యం చేశారని హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఈలోపల కింది కోర్టు ఒక్కొక్క కేసులో ఉరి వేస్తూనే ఉంది. అన్నీ కలిపి పనివాడికి 13 కేసుల్లో ఉరిశిక్ష.

తరువాత కథ తిరగబడింది. 2023 అక్టోబర్ 16న అలహాబాద్ హైకోర్టు పనివాడిని 12 కేసుల్లో, యజమానిని మిగిలిన 2 కేసుల్లో నిర్దోషులన్నది. సీబీఐ, యూపీ సర్కారు, పిల్లల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు పోయారు. 2025 జూలై 30న ఆ అప్పీళ్లన్నీ పోయాయి. మిగిలింది మొదటి కేసు ఒక్కటే. దాని మీద పనివాడు చిట్టచివరి అర్జీ, క్యూరేటివ్ పిటిషన్ అంటారు, వేసుకున్నాడు. అది గెలవడం చానా అరుదు. 2025 నవంబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుని అతన్ని విడిచిపెట్టింది. ఒకే సాక్ష్యాన్ని 12 కేసుల్లో పనికిరాదని, 13వ కేసులో మాత్రం పనికొస్తుందని ఎట్లా అంటామన్నది కోర్టు మాట. దాదాపు 19 ఏండ్లు జైల్లో ఉండి మనిషి బయటికి వచ్చాడు.

ఎందుకు వదిలారని నేను మా మరిదిని కోపంగానే అడిగాను. అతను పుస్తకం మూసి, "వదినా, తీర్పు ఏ సాక్ష్యం మీద నిలబడ్డదో చూడు" అన్నాడు.

నిలబడ్డది ముఖ్యంగా అతను ఒప్పుకున్న మాటల మీద. ఆ మాటలు మేజిస్ట్రేటు ముందు చెప్పేనాటికి అతను సుమారు 60 రోజులు కస్టడీలో ఉన్నాడు. ఆ రోజుల్లో అతనికి సరైన వకీలు సాయం లేదు, ఒంటి మీద దెబ్బలున్నాయో లేవో డాక్టరు పరీక్షా లేదు. నన్ను కొట్టి చెప్పించారని ఆ వాంగ్మూలంలోనే అన్నాడు. ఇక ఎముకలు. నిందితుడు చూపిస్తేనే దొరికాయని పోలీసులు రుజువు చేయాలి. కానీ అతను చెప్పకముందే ఆ చోటు ఊరికి తెలుసు, జనం అప్పటికే అక్కడ తవ్వుతున్నారు. అంత జరిగిందన్న ఇంట్లో, అన్ని చావులకు సరిపడే రక్తపు మరకలు గానీ ఆనవాళ్లు గానీ లేవు. డీఎన్ఏ పరీక్ష ఆ ఎముకలు ఎవరి బిడ్డవో చెప్పింది. ఎవరు చంపారో అది చెప్పలేదు.

హైకోర్టు ఇంకో మాట కూడా రాసింది. అవయవాల వ్యాపారం కోణం చూడమని కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ వేసిన కమిటీ చెప్పినా దాన్ని సరిగా చూడలేదట. ఇంట్లో పనిచేసే బీదవాన్ని రాక్షసుడిగా చూపి కేసు ముగించడం సులువని ఆ దారి పట్టారట. దీనర్థం అవయవాల కోసమే చంపారని కాదు. చూడాల్సింది చూడలేదని మాత్రమే. ఇంత కాలం దర్యాప్తు జరిగీ అసలు దోషి ఎవరో తేలకపోవడం మీద సుప్రీంకోర్టు కూడా విచారపడింది.

జడ్జీలను తిట్టడం నాకు ఇప్పుడు చేతకావడం లేదు. 2014లో ఆ ఉరి పడి ఉంటే 2025 తీర్పు ఎవరి కోసం రాసేవాళ్లు? అట్లని పిల్లల తల్లిదండ్రుల మొహాన ఈ మాట అనగలనా? అనలేను. ఇస్త్రీ పెట్టె పట్టుకుని, కూలి పోగొట్టుకుని, 19 ఏండ్లు గాజియాబాద్, అలహాబాద్, ఢిల్లీ తిరిగినవాళ్లు. వీళ్లు కాకపోతే మరెవరని వాళ్లు అడుగుతున్నారు. ఆ ప్రశ్న బ్రాంచి లైన్లో మా అక్క అడిగిందే.

మన తెలుగు నేల మీద ఇట్లాంటిదే ఒకటి జరిగింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపారు. ఒక బీద యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో కోర్టు జైలు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడిచి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. 2018లో కేసు సీబీఐకి పోయింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ బిడ్డ అవశేషాలు తీసి మళ్లీ పరీక్ష చేశారు. ఆ కేసులో వింతేమిటంటే, మొదటినుంచీ అమ్మాయి తల్లిదండ్రులే "వీడు కాదు మా బిడ్డను చంపింది" అన్నారు. వాళ్ల మాట కోర్టు చెవికి చేరడానికి అన్నేండ్లు పట్టింది. నిఠారీలో తల్లిదండ్రులది ఒక మాట, అక్కడ ఇంకో మాట. రెండు చోట్లా బిడ్డను చంపిన మనిషి మాత్రం తేలలేదు.

నా లెక్కలో నిఠారీ కేసు ఓడిపోయింది 2023లోనో 2025లోనో కాదు. 2005లో, మొదటి తల్లి పోలీసుల దగ్గరికి పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజే ఓడిపోయింది. ఆ రోజు బిడ్డ ఎక్కడ ఆడుకుంది, ఏ గౌను వేసుకుంది, చివరికి ఎవరు చూశారు, ఇవన్నీ రాసుకుని ఉంటే ఏడాది తరువాత ఒక మనిషి నోటి మాట మీద ఆధారపడాల్సిన గతి పట్టేది కాదు. ఆ తరువాత బిడ్డలైనా బతికేవారేమో.

ఇది నేను ఊరికే అనడం లేదు. కొన్నేండ్ల కింద, గడ్డా యాత్ర రోజుల్లో, మా పక్కింటి వదినె కొడుకు సాయంత్రం నుంచి కనపడలేదు. తొమ్మిదేండ్ల పిలగాడు. వాళ్లాయన పవర్‌లూమ్‌లో రాత్రి పాళీ. వదినెను తీసుకొని చౌకీకి పోయాను. అక్కడున్న ఆయన కుర్చీలోంచి లేవలేదు. "కొట్టినవా? కొడితే పోయుంటడు. ఆకలైతే వస్తడు. రేపు ఫోటో పట్టుకుని రా" అన్నాడు మరాఠీలో. ఫోటో అంటే ఆధార్ మీద ఉన్నదే, అది వాడు ఐదేండ్లప్పటిది. వదినె మరాఠీ బాగానే మాట్లాడుతుంది, ఆ రాత్రి నోరు రాలేదు. ఆయన ముందర పుస్తకం తెరిచే ఉంది. ఒక్క అక్షరం రాయలేదు.

రాత్రంతా మా గల్లీ మగవాళ్లు వెతికారు. తెల్లవారుజామున యాత్రలో ఒక మిఠాయి దుకాణం వెనక గోనెసంచుల మీద పడుకుని దొరికాడు. జెయింట్ వీల్ చూడటానికి పోయి దారి తప్పాడు. వదినె వాన్ని ముందు కొట్టి తరువాత ఏడ్చింది. దొరికాడు కదా అని మేమెవరం మళ్లీ చౌకీ మాట ఎత్తలేదు. దొరక్కపోయి ఉంటే ఆ రాత్రికి ఏ కాగితం మీదా వాడి పేరు ఉండేది కాదు.

ఇప్పుడు రూలు అట్లా లేదు. నిజానికి అప్పుడూ లేదు, మాకు తెలియదు అంతే. బిడ్డ కనపడలేదని ఫిర్యాదు వస్తే కేసు రాయాల్సిందేనని 2013 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల విషయంలో ఎత్తుకపోయి ఉంటారనే అనుకుని మొదలుపెట్టాలి. 24 గంటలు ఆగి రమ్మనే మాటకు చట్టంలో చోటు లేదు. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో, ఇది మా హద్దు కాదనడానికీ వీల్లేదు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి, దాని నకలు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. రాయకపోతే అదే ఫిర్యాదు కాగితం మీద రాసి కమిషనర్‌కో ఎస్పీకో పోస్టులో పంపాలి, రసీదు దాచుకోవాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. నిఠారీలో ఆ ఒక్క తండ్రి పట్టింది ఈ దారే. 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, పైసలు పడవు.

చౌకీకి ఒంటరిగా పోకండి. బాగా మాట్లాడే మనిషినొకరిని, రాసేవాళ్లనొకరిని తీసుకుపోండి. బిడ్డ కొత్త ఫోటో ఒకటి, ఒంటి మీది పుట్టుమచ్చల లెక్క ఒకటి ఇంట్లో పెట్టుకోండి. మా మరిది చెప్పినదాన్ని బట్టి, మొదటి కాగితంలో వేళ, చోటు, వేసుకున్న బట్టలు, చివరికి చూసినవాళ్ల పేర్లు ఉండాలి. ఎవరి మీదన్నా అనుమానం ఉంటే అనుమానమనే రాయండి. కోపంలో ఎవరి పేరో ఖాయంగా రాసేస్తే, అసలు మనిషి తప్పించుకోవడానికి మనమే దారి తీసినట్టవుతుంది.

ఇదంతా పక్కింటి వదినెకు చెప్తుంటే ఆమె తునికాకు కత్తిరిస్తూ వింటూ ఉంది. కొడుకు ఇప్పుడు టవల్ కారఖానాలో పనికి పోతున్నాడు. చిన్నది ఆడపిల్ల, నాలుగో తరగతి. వదినె కత్తెర పక్కన పెట్టి, "ఆ నంబరు మళ్లా చెప్పు" అంది. తిథుల క్యాలెండర్ మీద, పాలవాని లెక్క రాసిన కిందనే, 1098 అని రాయించుకుంది.