వైరస్ శాస్త్రము చదివినవారికి దారులు

పైరులో తెగులు కనబడినంతనే రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ మందు కొట్టమంటారు?" వైరస్ తెగులైనచో వ్యవసాయాధికారి వద్ద సూటియైన జవాబు ఉండదు. పొలములో వైరస్ సోకిన మొక్కను నయము చేయు మందు లేదు. తెగులును సకాలములో గుర్తించుట, రాకుండ కాపాడుకొనుట మాత్రమే మన చేతిలో నున్నవి.

2000 సంవత్సరము ఖరీఫులో అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగకు కాండము కుళ్లు తెగులు సోకి, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టము కలిగెను. చూపునకు అది పాత మొవ్వుకుళ్లు తెగులువలెనే యుండెను. పరిశోధనశాలలో పరీక్షింపగా పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలినది. ఈ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో నుండును. తామరపురుగులు ఆకును గీరి తినునపుడు ఆ గాయము ద్వారా మొక్కలో చేరును. ఇది తెలిసినందుననే వయ్యారిభామను పూతకు ముందే పీకివేయుడనియు, చేను చుట్టు జొన్న సాళ్లు వేయుడనియు రైతులకు చెప్పగలుగుచున్నాము.

ఈ మధ్య ఒక యువకుడు నన్నడిగినాడు: "సార్, పిహెచ్.డి. పూర్తయింది. విశ్వవిద్యాలయంలో ఖాళీలు లేవు. ఇక ఏం చేయమంటారు?"

దారి ఒక్కటే కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలలో శాస్త్రవేత్తల ఉద్యోగములకు అఖిల భారత పరీక్ష కలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వంటి చోట్ల పరిశోధన పథకములు ఉండును. వీనిలో చాలవరకు తాత్కాలికములని ముందే ఎరిగి చేరవలెను. టిష్యూకల్చర్ అరటి మొక్కలకు వైరస్ లేదని ధ్రువీకరించు పద్ధతిని కేంద్ర ప్రభుత్వము 2006లో ప్రవేశపెట్టెను; ఆ పరీక్షలకు నిపుణులు కావలెను. విదేశీ విత్తనములను తనిఖీ చేయు క్వారంటైన్ కేంద్రములు, తెగులును తట్టుకొను మిరప, టమాట, బెండ రకములను రూపొందించు విత్తన కంపెనీలు మరికొన్ని దారులు.

ఏ దారి పట్టినను ఒక సలహా. ఎలీసా, పీసీఆర్ పరీక్షలు నేర్చినంత శ్రద్ధగా తెల్లదోమను, తామరపురుగును, గట్టుమీది కలుపును గమనించుడు. ఒక పంటకాలము రైతు వెంట చేనిలో తిరుగుడు. మీ పరీక్షాఫలితము విత్తుటకు ముందే రైతుకు చేరినచో, ఆ యేడు అతని పంట దక్కును. మీ చదువు సార్థకమగును.