రెండేండ్ల జాతర, రెండేండ్ల చిప్పు

మేడారం జాతర రెండేండ్లకోసారి. కంప్యూటర్ చిప్పుల లెక్క కూడా చాన ఏండ్లు గదే. 1965ల గోర్డన్ మూర్ అనే ఇంజినీరు, చిప్పు మీద పట్టే భాగాలు ఏటా రెట్టింపయితయన్నడు. 1975ల రెండేండ్లకని సవరించుకున్నడు. 1971ల ఇంటెల్ 4004 చిప్పుల 2,300 ట్రాన్సిస్టర్లుంటే, 1993ల పెంటియంల 31 లక్షలున్నయి. అందుకే మా దిక్కు పోరగాండ్లకు నేను చెప్పే సలహా ఒక్కటే ఉండె: "ఒక జాతర ఆగుండ్రి, రేటు దిగుతది."

పదేండ్ల కింద నేనే ఆగలే. మా ఊరి గ్రంథాలయానికి చందాలేసి కొత్త మోడల్ కంప్యూటర్ కొన్నం. ఏడాది తిరగకముందే అదే మోడల్ మస్తు తక్కువకు దొరికింది. మోసపోయిన్ననుకున్న. మోసం కాదట, దిగుబడి లెక్కట!

చిప్పులను సిలికాన్ పళ్లెం మీద తయారుచేస్తరు. అడ్డం 30 సెంటీమీటర్లు, మనం అన్నం తినే పళ్లెమంత. గోరంత చిప్పులైతే ఒక పళ్లెంల దాదాపు 640 పడ్తయి. పళ్లెం మీద 100 చోట్ల దోషముందనుకుందాం, 550 దాకా మంచియి మిగుల్తయి. అదే చిప్పును నాలుగింతలు పెద్దగ చేస్తే 140 పడ్తయి, గవే దోషాలతోని 80 మిగిలితే ఎక్కువ. కొత్త పద్ధతి మొదలుపెట్టినప్పుడు దోషాలు ఎక్కువ, దిగుబడి తక్కువ. నెలలు గడుస్తుంటే తప్పెక్కడో దొరుకుతది, దోషాలు తగ్గుతయి. పళ్లెం ఖర్చు అంతే, మంచి చిప్పులు ఎక్కువ. రేటు దిగుడు గక్కడ షురువైతది.

ఇగ ఏరుడు సంగతి. మంగపేట, ఏటూరునాగారం రైతులకు ఇది చెప్పనక్కర్లేదు. కల్లంల మిర్చి ఒక్కటే పంట, ఏరినంక మంచి కాయ ఒక రేటు, తాలు ఒక రేటు. చిప్పులు గూడ గంతే. ఒక్క పళ్లెంల పుట్టినయే, ఎక్కువ వేగం తట్టుకున్నది పెద్ద రేటుకు, తట్టుకోనిది చిన్న రేటుకు. 2008ల ఏఎండీ మూడు కోర్ల ఫినమ్ అమ్మింది. అది నాలుగు కోర్ల చిప్పే, ఒకటి బందుచేసిండ్రు. మరి దిగుబడి బాగైనంక తాలే లేకపోతే? మంచి కాయనే తాలు సంచిల పోస్తరు! 1998ల 300 మెగాహెర్ట్జ్ అని అమ్మిన సెలెరాన్‌ను చాన మంది సెట్టింగు మార్చి 450 మీద నడిపిండ్రు. మార్కెట్ల చిన్న రేటు సరుక్కు గిరాకీ ఉంటది, దాన్ని పోగొట్టుకోరు. ధర అంటే ఖర్చు ఒక్కటే కాదు.

వేగం పెరుగుడు మాత్రం 2004ల నెమ్మదించింది. వేడి తట్టుకోలేక ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను రద్దుచేసుకున్నది. అప్పటిసంది ఎక్కువగ కోర్లు పెంచుడే.

నా సలహా గూడ చెడ్డది. 2025 ఆఖరు నుంచి మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకు మళ్లి రేట్లు పైకి పోయినయి. డిగ్రీ చదివే మా గూడెం పిల్లకు ల్యాప్‌టాప్ కావాలె. ఆగుమంటే ఏడాది పోతది, ఇప్పుడే కొనుమంటే ఫైనాన్స్ కిస్తీలు. ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు.

చిప్పులు మనదగ్గరే చేస్తమని 2006ల హైదరాబాద్ శివారు రావిర్యాల దిక్కు ఫ్యాబ్ సిటీ అన్నరు. సోలార్ కంపెనీలొచ్చినయి గని ప్రాసెసర్ ఫ్యాక్టరీ రాలె. ఇప్పుడు గుజరాత్ ధొలేరాల 91 వేల కోట్లతోని ఒకటి కడుతున్నరు. గసొంటి ఫ్యాక్టరీలకు సగం ఖర్చు కేంద్రమే ఇస్తది, అంటే మన పైసలే. పంట బీమా కోసమైతే అధికారులు రైతు చేన్లకే దిగి, ముక్క కోసి, తూకమేసి దిగుబడి రాసుకుంటరు. చిప్పుల కంపెనీలు మాత్రం పళ్లెంల ఎన్ని మంచియో, ఎన్ని తాలో బయటికి చెప్పయి. ధొలేరాల మొదటి పళ్లెం బయటికొచ్చిన్నాడు ఆ లెక్క ఎవరు రాసుకుంటరు, ఎవరికి చూపెడ్తరు?