ఎండుగడ్డి – కంగారుల జీర్ణశక్తి

పశువుకు మేత ఎంత దొరికినదన్నది ఒక లెక్క. దొరికిన మేత ఎంత ఒంటబట్టినదన్నది మరియొక లెక్క. ఈ రెండవ లెక్కలో ఆస్ట్రేలియా దేశపు కంగారులు ఆరితేరినవి. ఆ ఖండపు నడిభాగమున అనేక ప్రాంతములలో ఏడాదికి 250 మిల్లీమీటర్లకు, అనగా 10 అంగుళములకు మించి వర్షము లేదు. ఆ కురియు వర్షమైనను ఒక కాలమున వచ్చునన్న నమ్మకము లేదు. అట్టి చోట ఇవి బ్రతుకు తీరు తెలిసికొనుట ఎండుమేతపై పశువులను సాకు రైతులకు ఉపయోగకరము.

కంగారు, వాలబీ, వాంబట్ మొదలగు వానిని సంచిజంతువులందురు. పిల్ల మిక్కిలి చిన్నదిగా పుట్టి, తల్లి పొట్టపైనున్న తోలుసంచిలో పాలు త్రాగుచు పెరుగును. సమానమైన బరువుగల ఇతర క్షీరదములతో పోల్చినచో, విశ్రాంతిగా ఉన్నప్పుడు వీని శరీరము వినియోగించు శక్తి సుమారు 30 శాతము తక్కువ. ఖర్చు తక్కువైన ఇంటికి రాబడి తక్కువైనను జరుగునుగదా!

పొట్ట నిర్మాణము

ఎర్ర కంగారు మైదానములలో మేయును. వాన కురిసిన తావున మొలచిన లేత పచ్చిక దానికి ప్రీతి. కరవు వచ్చినప్పుడు ఎండుగడ్డితోను, పొదల ఆకులతోను కాలము గడుపును. గరుకు మేతకు దంతములు అరుగును. కాని ముందరి దవడపండ్లు అరిగి రాలిపోగా, వెనుకవి క్రమముగా ముందుకు జరిగి వాని స్థానమును ఆక్రమించును.

ఆవు, గొఱ్ఱెల పొట్టలో నాలుగు గదులు కలవు. మొదటి గది పెద్ద గాబు వంటిది. అందు సూక్ష్మజీవులు మేతను పులియబెట్టును. గడ్డిపరకలు నెమరువలన మెత్తబడి చిన్నవి కానిదే ముందుకు సాగవు. కావున ముదురుమేత తిన్న గొఱ్ఱెకు పొట్ట నిండియే యుండును. బలము మాత్రము చాలదు.

కంగారు పొట్టయందును సూక్ష్మజీవులే మేతను పులియబెట్టును. కాని దాని ముందరి పొట్టలో ఎక్కువ భాగము పొడవైన గొట్టమువలె ఉండును. మేత ఒకవైపున చేరి, పులియుచు, క్రమముగా రెండవవైపునకు సాగిపోవును. కంగారు అప్పుడప్పుడు మేతను నోటికి తెచ్చుకొని నమలినను, ఆవువలె నియమముగా నెమరువేయదు. పీచును అరిగించుటలో గొఱ్ఱెకంటె కొంచెము వెనుకబడినను, ముదురుమేత దాని పొట్టకు అడ్డుపడదు. పైగా, ఆవు త్రేన్పులలో పోవు మిథేన్ వాయువు కంగారులో చాల స్వల్పము.

నత్రజని పొదుపు, నీటి పొదుపు

ఎండుగడ్డిలో మాంసకృత్తులు బహు తక్కువ. సూక్ష్మజీవులకు నత్రజని లేనిదే అవి పెరుగవు. అవి పెరుగనిదే పీచు అరగదు. ఇందుకు కంగారు చేయు ఉపాయమేమనగా, మూత్రముతో పోవలసిన యూరియాను చాలవరకు నిలుపుకొని, లాలాజలము మొదలగు మార్గములలో తిరిగి పొట్టకు చేర్చును. సూక్ష్మజీవులు దానిని మాంసకృత్తులుగా మార్చును. తరువాత ఆ సూక్ష్మజీవులే కంగారుకు ఆహారమగును. యూరియాను వెలుపలకు పంపుటకు వలయు నీరు కూడ ఇందువలన మిగులును.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున ఫౌలర్స్ గ్యాప్ పరిశోధనా స్థానములో ఎర్ర కంగారులను, గొఱ్ఱెలను ఒకే బీడులో ఉంచి పరిశీలించిరి. 2009 లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, గొఱ్ఱె దినమునకు సుమారు 12 లీటర్ల నీటిని వినియోగించగా, కంగారు వినియోగించినది సుమారు లీటరున్నర మాత్రమే.

గడ్డిని మేసినదెవరు?

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతమునకు 1860 దశకమునుండి గొఱ్ఱెల మందలు వచ్చినవి. కొన్ని దశాబ్దములకు మందలు క్షీణించి, యూరో అను కొండ కంగారులు ప్రబలినవి. గడ్డినంతటిని యూరోలే తినివేయుచున్నవని మందల యజమానులు వానిని చంపించిరి. ఈలీ అను శాస్త్రజ్ఞుడు 1950 దశకమున ఆరంభించి పరిశోధన చేసి, 1967 లో ఫలితములు ప్రకటించెను. మితిమీరి మేపుటవలన గొఱ్ఱెలే మంచి గడ్డిజాతులను నశింపజేసినవి. మిగిలినది స్పినిఫెక్స్ అను ముండ్లగడ్డి. అందలి స్వల్పమైన నత్రజని గొఱ్ఱెకు చాలదు; యూరోకు చాలును. పగటి ఎండలో రాతిగుహల నీడన పడియుండుటచే దానికి నీటి అవసరమును తక్కువే. కావున యూరోలు ప్రబలుట నేల చెడుటకు ఫలితమేగాని, మొదటి కారణము కాదు.

మనము గ్రహింపవలసినది

మన వరిగడ్డిలోను కొరత నత్రజనియే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి సమముగా చల్లవలెను. గాలి చొరకుండ 21 రోజులు కప్పియుంచి, తీసిన పిదప ఘాటు పోవునట్లు ఆరబెట్టి మేపవలెను. గడ్డి మెత్తబడి, సూక్ష్మజీవులకు నత్రజని అందును. ఆరు నెలలు నిండని దూడలకు దీనిని పెట్టరాదు. పశువులు యూరియాను గాని, యూరియా నీటిని గాని నేరుగా తిన్నను, త్రాగినను విషమై ప్రాణము తీయును. సంచులను, తొట్లను వానికి అందకుండ ఉంచవలెను.

ఇక రెండవది మేతబీడు. వాన పడినంతనే మందను తోలినచో మంచి గడ్డి వేరూనదు, విత్తు రాలదు. బీడును భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు వంతుల వారీగా విరామము ఇచ్చుట గ్రామాధికారులు, రైతులు, గొఱ్ఱెల కాపరులు కలిసి కూర్చుండి నిర్ణయించుకొనవలసిన పని. ముండ్లగడ్డి తిని బ్రతుకుటకు మన గొఱ్ఱెలు యూరోలు కావు.